అరవై రెండు కిలోల ప్రమాణం

బోగ భూమేశం చొక్కా బయటికి వదిలేసినంతసేపు బక్కమనిషి. లోపలికి దోపాడంటే మాత్రం ఎవరో నీళ్లకు వెళ్తూ మరిచిపోయిన బిందె ఒకటి ఆయన బెల్టు మీద కూర్చుని కనిపించేది. అందుకే ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయన చొక్కా దోపుకున్నది రెండే రెండు సార్లు, రెండుసార్లూ పై అధికారులు తిట్టినందువల్లే.

ఆయన రంగధాంపేట తూనికలు కొలతల కార్యాలయంలో ఇన్‌స్పెక్టరు. అంగళ్లలో తక్కెళ్లు, తూకం రాళ్లు, లీటరు డబ్బాలు సరిగ్గా ఉంటే ముద్ర వేయాలి, లేకుంటే కేసు రాయాలి. ఈ పనికి ఒక మర్యాద ఉంది. ఇన్‌స్పెక్టరు అంగడి మెట్టెక్కగానే టీ వస్తుంది. తాగాడా, అందరూ కులాసా. వద్దన్నాడా, కేసు రాయడానికే వచ్చాడని లెక్క. సేటు ముఖం మాడిపోతుంది, గుమాస్తా రాళ్లను బల్ల కిందికి తోసేస్తాడు, ఎవరికో ఫోను వెళ్తుంది. భూమేశం మెత్తని మనిషి. ఒకరి ముఖం మాడడం చూడలేడు. రోజుకు పద్దెనిమిది అంగళ్లు, పద్దెనిమిది టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. అలా ఇరవై ఏళ్ల మర్యాదంతా ఆయన ఒంట్లో చేరి, చేతులకో కాళ్లకో పోకుండా ఒక్కచోటే స్థిరపడింది.

భూమేశం అన్న రాజేశం కూడా బక్కవాడే. "సన్నగున్నోనికి షుగరెక్కడిది?" అని ఊరంతా అంటుంటే ఆయనా అలాగే అనుకున్నాడు. కాలికి రెండు వేళ్లు తీసేసిన రోజు గానీ సంగతి తెలియలేదు. దవాఖానలో ఆ కట్టు చూసి వచ్చాక భూమేశానికి అన్నం సయించలేదు. మర్నాడు పరగడుపున వెళ్లి తనూ రక్తం ఇచ్చి వచ్చాడు.

డాక్టర్ నస్రీన్ రిపోర్టు చూసి, ఆయన్ను నిలబెట్టి, నడుముకు టేపు చుట్టింది.

"బరువు అరవై రెండు. మీ ఎత్తుకు సరిపోయింది. నడుము మాత్రం తొంభై నాలుగు సెంటీమీటర్లున్నది. మీ ఎత్తు నూట అరవై ఎనిమిది గదా? నడుము అండ్ల సగం దాటొద్దు. అంటే ఎనభై నాలుగు."

"బరువు కరెక్టే ఉన్నది గద మేడం? ఇంక బాధేంది?"

"కొవ్వు ఎంతున్నదని కాదు భూమేశం గారూ, ఏడ ఉన్నదని చూడాలె. తొడల మీద ఉన్నది అంతగనం కీడు చెయ్యది. కడుపు లోపట, కాలేయం చుట్టు చేరింది మాత్రం ఊకె కూసోది. పరగడుపు చక్కెర నూట పద్నాలుగున్నది. నూరు లోపట ఉండాలె. నూట ఇరవై ఆరు అయితే షుగరే. మీరు దర్వాజల నిలబడ్డరు. లోపటికి పోవచ్చు, ఎనుకకు రావచ్చు."

చక్కెర టీ బందు, అన్నం సగం, రోజూ నలభై నిమిషాల నడక, చేతులకు కాళ్లకు కొద్దిగా బరువులెత్తే కసరత్తు, మూడు నెలలకు మళ్లీ పరీక్ష. ఇదీ ఆమె చెప్పింది. భూమేశం ఇంటికి వెళ్లి భార్య రాజమణికి పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

"మీ అన్న లెక్క మిమ్ములను చూసుడు నాతోని కాదు. రేపటి సంది నడుద్దాం పాండ్రి. నేను గూడ వస్త" అంది రాజమణి.

అదిగో, ఆ రేపటికే సర్కారు వారికి కూడా ఆరోగ్యం మీద మోజు పుట్టింది.

'ఆరోగ్య తూకం' అని కార్యక్రమం పేరు. ప్రతి కార్యాలయంలోనూ ఉద్యోగుల బరువు, నడుము కొలిచి నెలనెలా పట్టిక పంపాలని ఆదేశం. తక్కిన శాఖలవాళ్లు ఎదురుగా ఉన్న దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చుకుని, కొలిచీ కొలవక అంకెలేవో వేసి పంపించి చేతులు దులుపుకున్నారు. రంగధాంపేట తూనికల కొలతల కార్యాలయానికి అధిపతి శేషఫణి గారు అలా దులుపుకునే మనిషి కాదు. ఆయన నిద్రలో దోమను కొట్టినా చట్టంలో సెక్షను చూసుకుని కొట్టే రకం. పదకొండుమంది సిబ్బందినీ పిలిచి నిలబెట్టి ప్రసంగించారు.

"ఇతర శాఖలు ఎట్లయినా కొలుచుకొనుగాక. మనము కొలతల శాఖ. ప్రమాణముతో సరిపోల్చని కొలత మన చట్టము దృష్టిలో కొలతే కాదు, అది నేరము. కిలోకు ప్రమాణమున్నది. మీటరుకు ప్రమాణమున్నది. మనిషికి ప్రమాణము ఏదీ? లేదు. ఇది శాఖకు తలవంపు."

ఆయన చెప్పే ప్రమాణాలు ఆఫీసు ఇనుప బీరువాలో మఖమల్ పెట్టెల్లో ఉంటాయి. ఊళ్లోని రాళ్లన్నింటినీ వాటితోనే పోల్చి చూస్తారు. వాటిని వట్టి చేత్తో తాకరు, చెమట అంటితే బరువు మారుతుందని. దుమ్ము పడనీయరు, ఎండ తగలనీయరు. ఇంట్లో మనుషులకు కూడా జరగని మర్యాద వాటికి జరుగుతుంది.

ఆరోగ్య శాఖ పంపిన పట్టికలో ఏ ఎత్తుకు ఎంత బరువుండాలో రాసి ఉంది. పదకొండుమందినీ ముద్ర పడిన కాటా మీద నిలబెట్టారు. ఒకరు నాలుగు కిలోలు తక్కువ, ఒకరు పదిహేడు ఎక్కువ. భూమేశం ఒక్కడే, గ్రాము అటూ ఇటూ లేకుండా, అరవై రెండు కిలోల దగ్గర ముల్లు నిలబెట్టాడు.

శేషఫణి గారి కళ్లు చెమ్మగిల్లాయి. "దొరికినది" అన్నారు.

"సార్, నాకు బరువు ఒక్కటే సక్కగున్నది. పొట్ట బాగ లేదు. చక్కెర ఎక్కువ సూపిస్తున్నది. డాక్టరమ్మ చెప్పింది" అన్నాడు భూమేశం, రిపోర్టు తీసి చూపిస్తూ.

"బరువు సరిపోయినదా, లేదా?"

"సరిపోయింది సార్. కని అంత నడుమనే..."

"భూమేశం, మీరు ఇరవై ఏళ్లుగా బిస్కెట్ పొట్లాలు తనిఖీ చేయుచున్నారు. పొట్లము మీద వేసిన నికర బరువు లోపల ఉన్నదా అన్నది మన పరిధి. లోపలి సరుకు ఏ మూలకు జరిగినదన్నది చట్టమునకు అనవసరము."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? సాయంత్రానికల్లా ఉత్తర్వు టైపయింది. 'ప్రమాణ ఉద్యోగి' అని హోదా, మీటింగు హాల్లో తొమ్మిదంగుళాల పీట, దాని మీద ఎర్ర మఖమల్ గుడ్డ. ఆయన ఎత్తే ప్రమాణ ఎత్తు. ఆయన బరువే ప్రమాణ బరువు. ఆయన నడుము తొంభై నాలుగు సెంటీమీటర్లూ ప్రమాణ నడుము. అది చాలదన్నట్టు, సర్దుబాటుకు వీలు లేకుండా ఆయన బెల్టు కట్టుకు తీగ దూర్చి, పెట్రోలు పంపులకు వేసినట్టే సీసం ముద్ర వేశారు. ముద్ర విప్పితే నేరం. రాజమణి ఆ ముద్ర పట్టుకుని లాగి చూసింది. తర్వాత మాట్లాడిన మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

ఇక ప్రమాణానికి ఉండే మర్యాదలన్నీ భూమేశానికి మొదలయ్యాయి. అటెండరు యాదమ్మ పొద్దున్నే చేతులకు తెల్ల గుడ్డ చుట్టుకుని వచ్చి, బీరువాలో రాళ్లను తుడిచాక ఆయన్ను కూడా తుడిచేది.

"జర చెయ్యి లేపు సారూ, సంకల దుమ్మున్నదేమో సూస్త" అనేది.

"ఏం యాదమ్మా, నీకు గూడ ఎగతాళయిందా?"

"ఎగతాళెక్కడిది సారూ, రిజిస్టర్ల సంతకం పెట్టాలె నేను."

అసలు చిక్కు తేడాతో వచ్చింది. ప్రమాణానికి అనుమతించిన తేడా మూడు గ్రాములు. మనిషి ఒకసారి బాత్రూముకు వెళ్లొస్తే పోయేది అంతకు వంద రెట్లు. అందుకని వెళ్లేముందు ఒక తూకం, వచ్చాక ఒక తూకం. తగ్గింది తగ్గినట్టు పూరించాలి. తూకం రాయి బరువు తగ్గితే దాని అడుగున ఉండే గుంటలో సీసం పోసి సరిచేస్తారు. భూమేశంలో సీసం పోయడానికి వీల్లేదు గనక టీ పోశారు. టీ చాలకపోతే రెండు అరటిపండ్లు, ఇంకా చాలకపోతే బాలుషాహి మిఠాయి. "నీళ్లు పోయండ్రి సార్, నీళ్లకు గూడ బరువుంటది" అని ఆయన మొత్తుకున్నాడు. నీళ్లు గంటలో దిగిపోతాయనీ, నిలకడైన పదార్థమే ప్రమాణానికి తగినదనీ శేషఫణి గారు ఫైలు మీద రాశారు.

పొద్దున నడిచి వస్తే మూడు వందల గ్రాములు తగ్గి కనిపించేవాడు. దానికి సంజాయిషీ అడిగారు. నడకను లిఖితపూర్వకంగా నిషేధించారు.

నెల తిరిగేసరికి మిగతా సిబ్బందిని ఆయనతో సరిపోల్చే కార్యక్రమం పెట్టుకున్నారు. ఇక్కడ చట్టంలోని ఒక సుగుణం చెప్పాలి. తక్కువ తూచడం నేరం. ఎక్కువ తూచడం నేరం కాదు, కొనేవాడికి లాభం. ఆ లెక్కన నూట పన్నెండు సెంటీమీటర్ల నడుము ఉన్న శేషఫణి గారు ఉదారంగా కొలిచిన మనిషని తేలింది. రోజూ పదికిలోమీటర్లు సైకిల్ తొక్కి వచ్చే డ్రైవరు సమ్మయ్య నడుము ఎనభై. పద్నాలుగు సెంటీమీటర్ల కొరతకు ఆయన మీద నోటీసు పడింది. యాదమ్మకు పదహారు సెంటీమీటర్ల కొరత.

"నా నడుముకు నోటీసేంది సారూ? నేనేమన్న ఎవ్వనికన్న తక్వ జోకిన్నా?" అని ఆమె గుడ్డ విసిరికొట్టింది.

"ప్రమాణమునకు స్త్రీ పురుష భేదము లేదు" అన్నారు శేషఫణి గారు.

జూనియర్ అసిస్టెంటు తిరుమలేష్ ఒక్కడు నెగ్గాడు. ముప్పై మూడేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, పొద్దంతా కుర్చీలో కూర్చుని చేసే పని. ఆయన కూడా భూమేశంలాగే బక్కచేతులవాడు. నడుము తొంభై మూడున్నర వచ్చింది. 'స్వల్ప కొరత, క్షంతవ్యం' అని రాశారు. తిరుమలేష్ సంతోషం పట్టలేక ఆఫీసంతా మిఠాయి పంచాడు.

పదో వారంలో భూమేశం దొంగతనంగా వెళ్లి రక్తం ఇచ్చాడు. నూట ఇరవై నాలుగు.

డాక్టర్ నస్రీన్ చేతిలోని పెన్ను టేబులు మీద పెట్టేసింది. "ఏం చేస్తున్నరండీ మీరు? ఎనుకకు రమ్మంటే ముంగటికి పోయిన్రు. ఇంకో రెండు పాయింట్లే."

భూమేశం చెప్పుకొచ్చాడు. పీట, మఖమల్, సీసం ముద్ర, బాలుషాహి. ఆమె మొదట నవ్వింది, తర్వాత నవ్వలేదు. ఆ రోజు బస్టాండు దాకా నడుస్తూ భూమేశం తన కాళ్లవైపే చూసుకున్నాడు. పదివేళ్లూ చెప్పుల్లో కుదురుగా ఉన్నాయి. అన్నకు ఎనిమిదే మిగిలాయి. భయమేసింది, ఊరికే కాదు, చిన్నపిల్లవాడికి వేసినట్టు వేసింది. చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

రిపోర్టు జతచేసి, తనను ఆ హోదా నుంచి తప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. మూడు రోజుల్లో జవాబు వచ్చింది. ఒకటి, ప్రమాణములకు రాజీనామా చేయు నిబంధన లేదు. రెండు, ప్రమాణము తన్ను తాను సరిదిద్దుకొనరాదు. మూడు, ఇంతవరకు ఈ కార్యాలయమునకు రక్తములో చక్కెరకు ప్రమాణము లేని లోటు అర్జీదారుని రిపోర్టు వలన తీరినది గనుక, నూట ఇరవై నాలుగును ప్రమాణముగా స్వీకరించడమైనది, ఇందుకు అభినందనలు.

మర్నాటి నుంచి సిబ్బందికి వేళ్లు గుచ్చారు. సమ్మయ్యకు ఎనభై ఎనిమిది వచ్చింది. ముప్పై ఆరు పాయింట్ల కొరత. కొరత తీరేదాకా పూటకు రెండు లడ్లు తిని, తిన్నట్టు సంతకం చేయాలని ఆదేశించారు. ఆయన వాటిని జేబులో వేసుకుని వెళ్లి ఆఫీసు వెనక మేకలకు పెట్టేవాడు. ఆ మేకల్లో ఒకదానికి బాగా ఒళ్లొచ్చింది.

ఈ ఘనకార్యం రాష్ట్ర కంట్రోలరు గారి చెవిన పడింది. చూడ్డానికి స్వయంగా వచ్చారు. భూమేశాన్ని తుడిచి, చొక్కా దోపించి, పీట ఎక్కించారు. శేషఫణి గారు వెదురు కర్రతో ఆయన పొట్ట చూపిస్తూ వివరిస్తున్నారు. "ఇది మా నడుము ప్రమాణము సార్. పన్నెండు వారములుగా మిల్లీమీటరు మారలేదు."

భూమేశం ఆ కర్ర కొసను చూశాడు. తర్వాత నేలను చూశాడు. కుడి భుజం ముందుకు వంచి, పీట మీది నుంచి దబ్బున పడ్డాడు.

యాదమ్మ ఒక్కతే "అయ్యో, దెబ్బ తాకిందా సారూ?" అని పరుగెత్తింది. తక్కినవాళ్లు రాతిబొమ్మలై నిలబడ్డారు. వాళ్ల శాఖలో దాన్ని మించిన ఉపద్రవం లేదు.

"సార్, ప్రమాణం కింద పడ్డది" అన్నాడు భూమేశం, పడుకునే.

కంట్రోలరు గారి ముఖం గంభీరమైంది. "ఎంత ఎత్తు నుంచి?"

"తొమ్మిదంగుళాలు సార్."

"నేల?"

"షాబాదు బండలు సార్. చాప గూడ లేదు."

"అయితే నిబంధన స్పష్టముగా ఉన్నది. గట్టి నేల మీద పడిన ప్రమాణమును ప్రాంతీయ ప్రయోగశాలలో తిరిగి ధ్రువీకరించు వరకు వాడరాదు. శేషఫణి గారూ, వెంటనే తొలగించండి."

భూమేశం బెల్టు ముద్ర తెంపి, మణికట్టుకు 'వాడరాదు' అని చీటీ కట్టారు. ప్రయోగశాలకు ఉత్తరం వెళ్లింది. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. తమ వద్దనున్న యంత్రము గరిష్ఠ సామర్థ్యము యాభై కిలోలు మాత్రమేననీ, సదరు ప్రమాణమును రెండు ముక్కలుగా పంపినచో పరిశీలించగలమనీ. శేషఫణి గారు దాని మీద 'భూమేశం అభిప్రాయము తెలుపవలెను' అని రాసి పంపారు. ముక్కలుగా రావడం వీలుపడదని మనవి చేసుకున్నాడు భూమేశం. అంతటితో ఆ ఫైలు నిద్రపోయింది.

చెడిన కొలత పరికరాన్ని బజారులోకి తీసుకుపోకూడదు. అందుకని అంగళ్ల తనిఖీ లేదు, పద్దెనిమిది టీలు లేవు. చెడిన పరికరం ఉండవలసింది జప్తు గదిలో. అక్కడ వ్యాపారుల దగ్గర పట్టుకున్న దొంగ రాళ్లు గుట్టగా పడి ఉన్నాయి. భూమేశం తలుపు దగ్గరగా వేసుకుని రోజూ వాటితో కసరత్తు చేశాడు. ఐదు కిలోలని రాసి ఉన్న రాళ్లు నాలుగున్నరే తూగేవి గనక కొత్తవాడికి సరిపోయాయి. రెండో నెలలో నిజాయితీ గల రాళ్లు ఎత్తగలిగాడు. పొద్దున రాజమణితో కలిసి కాలువగట్టు మీద నడిచేవాడు. ఆమె ముందు, ఆయన వెనక. "జల్ది జల్ది రారాదుండ్రి, నేను సద్దులు కట్టాలె" అని ఆమె తరుముతూ ఉండేది.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. బరువు అరవై ఒకటి. నడుము ఎనభై ఏడు. చక్కెర తొంభై ఏడు.

"కిలో బరువే పోయింది మేడం" అన్నాడు భూమేశం, నమ్మలేక.

"పోవాల్సిన కాడ పోయింది. చేతులల్ల కండ వచ్చింది, కడుపుల కొవ్వు తగ్గింది. దర్వాజ కెళ్లి బైటికి వచ్చిన్రు. మళ్ల టీలు షురూ చేస్తే మళ్ల అక్కడ్నే నిలబడ్తరు, యాదిపెట్టుకోండ్రి."

ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. బక్కగా ఉన్న అందరినీ రోడ్డు మీద ఆపి నడుము కొలిపించుకోండని చెప్పాలనిపించింది. నిజంగానే ఇద్దరికి చెప్పాడు. ఒకాయన తిట్టాడు. తర్వాత తిన్నగా ఆఫీసుకు వెళ్లి రిపోర్టు శేషఫణి గారి ముందు పెట్టాడు.

శేషఫణి గారు కళ్లజోడు సవరించుకుని అంకెలన్నీ చదివారు. "నాకు మొదటినుండి అనుమానమే. ఏడు సెంటీమీటర్ల తేడా! ఇంత నిలకడ లేని వస్తువును ప్రమాణముగా పెట్టుకుని కార్యాలయమంతటినీ కొలిచితిమి గదా! అదృష్టవశాత్తు మరియొకటి సకాలములో దొరికినది" అంటూ మీటింగు హాలు వైపు చెయ్యి చూపించారు.

పీట మీద తిరుమలేష్ నిలబడి ఉన్నాడు. మఖమల్ గుడ్డ కొత్తది. బెల్టుకు సీసం ముద్ర నిగనిగలాడుతోంది. పక్కన స్టూలు మీద సగం తాగిన టీ, రెండు బాలుషాహీలు. మిఠాయి పంచినప్పటి మెరుపు మొహంలో లేదు. యాదమ్మ తెల్లగుడ్డతో ఆయన మోచేతులు తుడుస్తోంది.

భూమేశాన్ని చూడగానే ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, నిన్న నాకు గూడ పరీక్ష చేసిన్రు. నూట ఇరవై వచ్చింది. నా చిన్నపిల్లకు ఇంక రెండేండ్లు నిండలే. నువ్వు ఎటుదిక్కు పడ్డవే?"

"కుడి దిక్కు. భుజం ముంగట పెట్టు. తలకాయ మాత్రం లేపి పట్టుకో."

"కంట్రోలర్ సారు మళ్ల వచ్చేదాక ఆగాల్నా?"

"ఆయన వచ్చేది వచ్చే యాడాదికి. నీ షుగరు అప్పటిదాక ఆగది. సాక్షులు ఇద్దరుంటే సాలు, మేమున్నం."

తిరుమలేష్ కిందికి చూశాడు. పీట ముందు ఈసారి మెత్తటి చాప పరిచి ఉంది. భూమేశం పడ్డ తర్వాత శేషఫణి గారు తీసుకున్న ముందుజాగ్రత్త అది. తిరుమలేష్ ముఖం వాడిపోయింది.

యాదమ్మ చేతిగుడ్డ భుజాన వేసుకుంది. వరండాలో ఎవరూ లేరని ఒకసారి తొంగి చూసి వచ్చింది. వంగి, చాప కొస పట్టుకుని, బండలు బయటపడేదాకా బర్రున గుంజింది.

"ఇగ పడు బిడ్డా" అంది.